సాయము పనిముట్టునకా? పనివానికా?

(పామిడిలో స్వయంవృత్తులవారి సభయందు చేసిన యుపన్యాసము)



పెన్న యొడ్డున నున్న మన యూరు బట్టలు కుట్టి, అమ్మి బ్రదుకుచున్నది. వాన తప్పిన యేడు సేద్యగానిచేత పైకముండదు. అతడు బట్ట కొననినాడు కుట్టుమిషను తిరుగదు. కావున ఈ సీమలో కరవు పొలముతో ఆగక, అంగడి గడప దాటి వచ్చును. అట్టివేళ తన రెక్కల కష్టముపై నిలిచినవానికి ప్రభుత్వము చేయూత నిచ్చుట దానము గాదు, ధర్మము. ఇందు వివాదము లేదు. అది యెవరికి, ఏ కొలతతో అందవలయునన్నదే ప్రశ్న.

గడచిన యేండ్ల పథకములను పరికింపుడు. 2019 డిసెంబరున ధర్మవరములో నారంభమైన నేతన్న నేస్తము సొంత మగ్గము గల కుటుంబమునకు ఏటికి 24,000 రూపాయల నిచ్చెను. ఆ యేడే అక్టోబరున వాహనమిత్ర సొంత ఆటో నడుపువానికి 10,000 ఇచ్చెను. 2020 జూనున చేదోడు దర్జీలకు, రజకులకు, నాయీబ్రాహ్మణులకు 10,000 చొప్పున, తొలి విడత సుమారు 2 లక్షల 47 వేలమందికి పంచెను. అదియు అంగడి గలవారికే. 2024లో ప్రభుత్వము మారెను. 2025 అక్టోబరున ఆటోవారికి 15,000 ఇచ్చినపుడును సొంతబండియే గురుతయ్యెను.

ఈ సాయములను నేను నిందింపను. కరోనా నాళ్లలో అవి యెన్నో యిండ్ల పొయ్యి వెలిగించినవి. కాని అన్నింటి సూత్ర మొక్కటే: పనిముట్టు గలవానికి పైకము. మరి పరుల మగ్గముపై కూలికి నేయువాడో? బాడుగ ఆటో నడుపువాడో? కత్తిరించి పంపిన గుడ్డను ఇంటిమూల గూర్చుండి లెక్కకింతయని కుట్టియిచ్చు ఆడుబిడ్డయో? పని నిలిచిన మొదట పస్తుండువారు వీరే. పట్టికలో లేనివారును వీరే.

2020 మేలో కేంద్రము ప్రకటించిన 3 లక్షల కోట్ల పూచీ రుణములకు కొలత, ఫిబ్రవరి 29 నాటి బాకీలో నూటికి 20 వంతులు. బాకీ పెద్దదైన సాయము పెద్దది. అప్పు పుట్టనివానికి సున్న. ఇంగ్లండులో స్వయంవృత్తులవారికి సగటు లాభములో నూటికి 80 వంతు లిచ్చిరి. కాని 2019 ఏప్రిల్ పిమ్మట వృత్తి నారంభించినవారిని తొలి విడతలలో విడిచిరి. ఎక్కడనైనను కాగితము గలవానికి కూడు, లేనివానికి గోడు!

"గురుతు లేక పంచిన దొంగలపాలగును, అంగడి కంటికి కనబడును" అని యధికారులందురు. ఆ భయము నిరాధారము గాదు. కాని వేరు గురుతు కలదు. 2021 ఆగస్టున వచ్చిన ఈ-శ్రమ్ పట్టికలో ఆస్తినిబట్టి గాక, మనిషినిబట్టి, వాని వృత్తినిబట్టి నమోదు జరుగును. ఆ పేరులను వార్డువారీగ గోడకంటించి, పదిమంది యెదుట చదివి, ఆక్షేపణలు విని నిర్ణయింపరాదా? ఇరుగుపొరుగుల కన్నులను మించిన తనిఖీ లేదు.

1876-78 నాటి ధాత కరవును మన పెద్దలు మరువలేదు. మట్టి మోసిన చేయి మగ్గమునకు మొద్దుబారునని యెరిగి, తరువాతి మదరాసు క్షామనిబంధనలలో నేతవారికి నూలిచ్చి, నేసిన బట్ట కొను పద్ధతి చేర్చిరి. పరాయి దొరతనమే పనిచేయు చేతిని గుర్తింపగా, మన వోటుతో నేర్పడిన ప్రభుత్వము గుర్తింపకుండుట తగునా?

అంగడి గల సోదరులారా! మీకొరకు ఇండ్లలో గుట్టువారి పేరులను మొదట మీరే వ్రాయింపుడు. దానివలన మీ వాటా తరుగునేమో, కూలి లెక్క లడుగుదురేమో యని జంకకుడు. మనకు న్యాయము కావలెనని ప్రభుత్వము నడుగు నోరు, మనచేతి క్రిందివారికి న్యాయము చేసినపుడే గట్టిగ పలుకగలదు.