కొండకు వెళ్లే ముందు కానింగ్ వేల్‌లోనే చేయాల్సిన పనులు

(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జూన్ మొదటి సోమవారం డబ్ల్యూఏ డే సెలవు. మూడు రోజులు కలిసొస్తాయి కాబట్టి మనవాళ్లు చాలామంది స్టిర్లింగ్ కొండల దగ్గర గెస్ట్‌హౌస్‌లు బుక్ చేసుకుంటున్నారు. కొందరు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నీ తీసుకెళ్తున్నారు. సంతోషం. నేను చెప్పే మాట ఒక్కటే. ఆ కొండల్లో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. అందుకని, అక్కడికెళ్లాక చూసుకుందాంలే అనుకునే పనులన్నీ ఇక్కడే పూర్తి చేసుకోవాలి.

మొదట ప్రయాణం. ఆల్బనీ హైవే మీద విలియమ్స్, కోజోనప్ మీదుగా దాదాపు నాలుగున్నర గంటల దారి. మనలో మార్కెట్లోనో, వేర్‌హౌస్‌లోనో రాత్రి షిఫ్ట్ చేసేవాళ్లున్నారు. షిఫ్ట్ దిగి అటునుంచి అటే బండెక్కొద్దు. పడుకుని లేచాకే బయల్దేరండి. రెండు గంటలకోసారి ఆపండి. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ కంగారూలు రోడ్డు మీదికొస్తాయి. అడ్డొస్తే స్టీరింగ్ పక్కకు తిప్పకుండా బ్రేక్ వేయండి. పక్కకు కోస్తే బండి చెట్టుకు కొట్టుకోవచ్చు, పల్టీ కొట్టొచ్చు.

రెండోది, ఎవరికైనా చెప్పి వెళ్లడం. గెస్ట్‌హౌస్ పేరు, కారు నంబరు, ఏ కొండ ఎక్కుతున్నారు, ఎన్నింటికి తిరిగొస్తారు అన్నవి ఇక్కడున్న ఒక స్నేహితుడికి మెసేజ్ పెట్టండి. "ఫలానా టైము దాటినా నా ఫోన్ రాకపోతే గెస్ట్‌హౌస్‌కు చెయ్యి, అక్కడా ఆచూకీ లేకపోతే పోలీసులకు 131 444 చెయ్యి, ప్రాణాపాయం అనిపిస్తే 000 చెయ్యి" అని రాసి పెట్టండి. ఊళ్లో అమ్మకు కూడా రెండు రోజులు ఫోన్ కలవకపోవచ్చని ముందే చెప్పండి. లేకపోతే ఆమెకు నిద్ర పట్టదు.

మూడోది, బస. దుప్పట్లు, తువ్వాళ్లు వాళ్లిస్తారా, మనమే తెచ్చుకోవాలా అని బుక్ చేసేటప్పుడే అడగండి. కుళాయి నీళ్లు తాగొచ్చో లేదో అడగండి. వంటగది పదిమందిదీ. తాలింపు పెట్టేటప్పుడు ఫ్యాన్ వేసి కిటికీ తీయండి, పొగకు అలారం మోగుతుంది. మోగుతోందని దాన్ని మాత్రం ఊడదీయొద్దు. రాత్రి నిజంగా మంట లేస్తే లేపేది అదే. చలికి వణికినా బొగ్గుల కుంపటి, గ్యాస్ పొయ్యి గదిలోకి తేవొద్దు. ఆ గాలికి నిద్రలోనే ప్రాణం పోతుంది.

నాలుగోది, కొండ. బ్లఫ్ నోల్ ఎత్తు 1,099 మీటర్లు. ఎక్కి దిగడానికి మూడు నాలుగు గంటలు. తిరుమల మెట్ల దారిలోలాగా పక్కన జనం, నీళ్లు, కొట్లు ఉంటాయనుకోవద్దు. కింద ఎండ ఉన్నా పైన మబ్బు కమ్మేస్తుంది, గాలి కోసేస్తుంది. అప్పుడప్పుడూ మంచు కూడా పడుతుంది. నూలు బట్ట తడిస్తే వేడి నిలవదు. ఉన్ని స్వెట్టరు, వాన కోటు, గట్టి బూట్లు ఉండాలి. జూన్‌లో సాయంత్రం 5 దాటితే చీకటే. పొద్దున్నే మొదలుపెట్టండి. బూట్ల మట్టి శుభ్రంగా దులిపి ఎక్కండి. ఆ మట్టితోనే అక్కడి మొక్కల్ని చంపే తెగులు పాకుతుంది.

పాము కరిస్తే మన ఊళ్లలోలాగా తాడు బిగించొద్దు, కోయొద్దు, కడగొద్దు. కాలో చెయ్యో మొత్తానికీ బ్యాండేజీ గట్టిగా చుట్టి, కదలకుండా పడుకోబెట్టి, 000కు ఫోన్ చేయించండి. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీది ఉంటే ఆ ఫోన్ వెళ్తుంది. ఏదీ లేకపోతే వెళ్లదు. ఒకరు మనిషి దగ్గరుండి, ఇంకొకరు సిగ్నల్ ఉన్న చోటికి వెళ్లాలి. ఇంగ్లీషు రాకపోతే "అంబులెన్స్", "తెలుగు" అనండి, దుభాషిని కలుపుతారు. ఎమర్జెన్సీ ప్లస్ యాప్ ఇప్పుడే ఫోన్‌లో వేసుకోండి, మీరున్న చోటు అది చూపిస్తుంది.

చివరగా డబ్బు మాట. ఇక్కడ అంబులెన్స్ ఉచితం కాదు. మెడికేర్ ఉన్నా ఆ బిల్లు అది కట్టదు. ఇండియా పాస్‌పోర్టు మీద తాత్కాలికంగా వచ్చినవాళ్లకు మామూలుగా మెడికేర్ ఉండదు. అమ్మానాన్నల ఇన్సూరెన్స్‌లో అంబులెన్స్ ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. కానీ బిల్లుకు భయపడి ఫోన్ చేయకుండా ఉండొద్దు. సాయం కోసం 000కు చేసినంత మాత్రాన వీసాకు ఏ ఇబ్బందీ రాదు. బిల్లు మెల్లగా కట్టుకోవచ్చు. మనిషి పోతే తిరిగి రాడు.

వేసవిలో వెళ్లేవాళ్లకు ఇంకొక మాట. 2019 డిసెంబరులో అక్కడ లేచిన కార్చిచ్చు 40,000 హెక్టార్లు కాల్చేసింది. బయల్దేరే రోజు ఎమర్జెన్సీ డబ్ల్యూఏలో హెచ్చరికలు చూడండి. "కెటాస్ట్రాఫిక్" అని ఉంటే ప్రయాణం మానుకోండి. అడ్వాన్స్ పోతే పోనివ్వండి.

ఈ రాత్రి ఇంటికెళ్లాక రెండు పనులు చేయండి. ఇన్సూరెన్స్ కాగితం తీసి చూడండి. మీ కోసం ఎదురు చూసే మనిషెవరో నిర్ణయించుకోండి. క్షేమంగా వెళ్లి లాభంగా రండి.