పల్లెకు చుట్టాల్లా వెళ్దాం



పిల్లలకు సెలవులు ఇస్తున్నారనగానే "ఈసారి ఎక్కడికి?" అన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ బయలుదేరుతుంది. మా ఇంట్లోనూ అంతే. ఊటీ అని ఒకరు, మైసూరు అని ఒకరు పట్టుబట్టారు. అంతలో మా చిన్నవాడు "అమ్మా, టమోటాలు కూడా బంగాళాదుంపల్లాగే భూమిలో కాస్తాయా?" అని అడిగాడు. ఇక ఆలోచించలేదు. మూడు రోజులకు సరిపడా బట్టలు సర్దుకుని మదనపల్లె, పుంగనూరు, కుప్పం చూడటానికి బయలుదేరాం.

మొదటిరోజు మదనపల్లెకు దగ్గరలోని హార్స్‌లీ కొండ ఎక్కాం. ఎత్తు 4,000 అడుగులకు పైనే. దొరగారి పేరు రాకముందు దీన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవారట. ఎండాకాలంలోనూ అక్కడి గాలి చల్లగా ఉంటుంది. అయితే పిల్లలకు కొండకంటే ఎక్కువ నచ్చింది కింద ఉన్న టమోటా తోట. కర్రలు పాతి, పురికొసలు లాగి, మొక్కల్ని నిలబెట్టి కట్టారు. దూరం పోవలసిన కాయల్ని దోరగా ఉన్నప్పుడే కోస్తారని అక్కడే తెలిసింది.

వచ్చేముందు రైతమ్మ దగ్గర మూడు కిలోలు కొన్నాను. అలవాటు కొద్దీ "ఇంకో నాలుగు వెయ్యమ్మా" అన్నాను. ఆమె రెండు చేతులా తీసి సంచి నింపేసింది. "తీసుకో అక్కా, పోయిన తూరి రేటు లేక, కోతకూలి కూడా రాదని చెట్లమిందనే ఇడిసిపెట్టినాము" అంది నవ్వుతూనే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లోనే కిలో రెండు వందల రూపాయల దాకా పోయినప్పుడు మనమంతా ఎంత గగ్గోలు పెట్టామో గుర్తుందా? ధర పడిపోయి కాయల్ని రోడ్డుపక్కన పారబోసినప్పుడు మనలో ఎందరం పట్టించుకున్నాం?

రెండోరోజు పుంగనూరు ఆవులు. నిండా పెరిగిన ఆవు ఎత్తు రెండున్నర నుంచి మూడు అడుగులే! మేత కొద్దిగా తింటుంది, పాలూ కొద్దిగానే ఇస్తుంది. కానీ ఆ పాలలో వెన్న మామూలు ఆవుపాలకు రెట్టింపు దాకా ఉంటుంది. ఎక్కువ పాలిచ్చే సంకరజాతి ఆవులు వచ్చాక వీటి సంఖ్య బాగా తగ్గిపోయింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఈ జాతిని కాపాడుతూ వచ్చారు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో వీటికి మేత పెట్టిన ఫోటోలు చూశాక మోజు మరీ పెరిగింది. మా అమ్మాయి కూడా "మన వరండాలో కట్టేద్దామా?" అంది. "తిరగడానికి నేలా, మేయడానికి పచ్చికా లేనిచోట కట్టేస్తే అది ముద్దు కాదు తల్లీ, శిక్ష" అని చెప్పాను.

మూడోరోజు కుప్పం వైపు ఒక పట్టుపురుగుల షెడ్డుకు వెళ్లాం. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుంటేగాని లోపలికి రానివ్వలేదు. బయటివాళ్లు తెచ్చే రోగం ఒక్క విడత పంటనంతా తుడిచిపెట్టేస్తుందట. మన పట్టుచీర వెనక ఇంత మడి ఉందన్నమాట!

అక్కడి అడవుల్లో ఏనుగులున్నాయి. 1980లలో కర్ణాటక, తమిళనాడు అడవుల నుంచి వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. మనకు ఏనుగంటే వేడుక. అక్కడి ఇల్లాలికి మాత్రం అది వరిచేనూ, చెరకుతోటా ఒక్క రాత్రిలో పోతాయన్న భయం. ఏనుగుల్ని అడవిలోకి మళ్లించడానికి 2025లో కర్ణాటక నుంచి శిక్షణ పొందిన కుంకీ ఏనుగుల్ని కూడా తెచ్చారు. కాబట్టి చీకటిపడ్డాక అడవిదారుల్లో ఆగకండి. ఫోటోల కోసం ఏనుగు దగ్గరికి అసలే పోకండి. తినగా మిగిలినవి అడవిలో పారేయకండి.

పొలానికి వెళ్లేముందు కబురు చేయండి. గట్టుమీద నడవండి. అడగకుండా కాయ తెంపనివ్వకండి. వాళ్లు ఎంత వద్దన్నా, తిన్నదానికి డబ్బు ఇవ్వండి. తమాషా చూడబోయినట్లు కాకుండా, చుట్టాలింటికి వెళ్లినట్లు వెళ్దాం.

ఇంటికొచ్చాక మా చిన్నవాడు సాంబారులో టమోటా ముక్క ఏరి పక్కన పెట్టడం మానేశాడు. నేను కూరలబండి దగ్గర "ఇంకో నాలుగు వెయ్యి" అనడం మానేశాను. ఆ మూడు రోజుల ప్రయాణం నుంచి మేం తెచ్చుకున్నది ఇదే.