బడి కెమెరాకు ఏ లెన్సు?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు పది నిమిషాలు ఇచ్చినారు. సంగతి మీకు తెలిసిందే. ఒక బ్యాచు వాళ్లు బడికి నికాన్ డి7200 కెమెరా ఇచ్చినారు, బాడీ మాత్రమే. లెన్సు సంఘం డబ్బుతో కొనాలి. ఒకటే లెన్సు, అన్నిటికీ పనికిరావాలి అన్నారు. ఆ ఒకటి ఏదనే దగ్గర మూడు పక్షాలైనాయి. 18-300 కొంటే దగ్గరివీ దూరానివీ అన్నీ వస్తాయని ఒక పక్షం. ఉత్త 18-55 చాలు, మిగిలింది లైబ్రరీకి ఇద్దామని ఇంకో పక్షం. అమెరికా నుంచి వచ్చిన మిత్రుడొకాయన తన 24-120 ఇచ్చేస్తానంటున్నాడు, ఊరికే వచ్చేదాన్ని కాదనడం ఎందుకని మూడో పక్షం. చందా మనందరిదీ కాబట్టి నాకు తోచింది చెప్తాను, తీర్మానం మీది.

ముందు ఈ క్రాప్ సెన్సర్ సంగతి. పాత రీలు మీద ఒక్కో బొమ్మ 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు ఉండేది. ఈ కెమెరా సెన్సర్ 23.5 మి.మీ. వెడల్పు, 15.6 మి.మీ. ఎత్తు. అంటే లెన్సు తెచ్చిన బొమ్మలో నడిమి ముక్కనే ఇది పట్టుకుంటుంది. లెన్సు అంకెను ఒకటిన్నరతో గుణిస్తే రీలు కెమెరాలో అది ఎంతకు సమానమో తెలుస్తుంది. 18 అంటే 27, 24 అంటే 36. కానన్ వాళ్ల సెన్సర్ ఇంకొంచెం చిన్నది, దానికి 1.6తో గుణించాలి.

ఈ గుణకారం దూరం బొమ్మలకు లాభం, వెడల్పు బొమ్మలకు నష్టం. అంగట్లో మాత్రం అందరూ చూసేది పెద్ద అంకెనే. 300 ఉందా, 400 ఉందా అని అడుగుతారు. క్రాప్ సెన్సరుకు జూమ్ కొనేటప్పుడు ముందు చిన్న అంకె చూడాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకో లెక్కేసి చూపిస్తాను, లెక్కల అయ్యవారు ఎదురుగానే ఉన్నారు, తప్పుంటే చెప్తారు.

మన బడిలో ఎక్కువగా తీసేది గ్రూపు ఫొటోలే. హెడ్‌మాస్టరు గదిలో గోడ మీద ఉన్న పాతవన్నీ చూడండి, నల్లగుడ్డ కప్పుకొని స్టాండు కెమెరాతో తీసినవి, అంచున ఒక్క పిల్లవాడు కూడా తెగిపోలేదు. ఇప్పుడు తరగతి గదిలో వెనక గోడకు వీపు ఆనించి నిలబడితే పిల్లలకూ మనకూ మధ్య 20 అడుగులు ఉందనుకుందాం. ఆ దూరాన్ని 23.5తో గుణించి లెన్సు అంకెతో భాగిస్తే ఎంత వెడల్పు పడుతుందో వస్తుంది. 24 మి.మీ. దగ్గర పందొమ్మిదిన్నర అడుగులు. 18 దగ్గర 26 అడుగులు. 16 దగ్గర 29 అడుగులు. మనిషికి అడుగున్నర చొప్పున చూస్తే వరసకు 13 మంది, 17 మంది, 19 మంది. అంచుల్లో ముఖాలు సాగినట్టు పడతాయి కాబట్టి అటొకరు ఇటొకరు తగ్గించుకోండి, అయినా తేడా అంతే ఉంటుంది. మిత్రుడి 24-120 మంచి లెన్సే, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు చేసింది. ఈ బాడీకి తగిలిస్తే వరసకు ఆరుగురు పిల్లలు బయట నిలబడాలి. గోడ వెనక్కి జరగదు కదా! పైగా అది 700 గ్రాములు దాటుతుంది, ఎనిమిదో తరగతి పిల్ల మెడకు అంత బరువు ఎందుకు?

విహారయాత్రల్లోనూ ఇదే తంతు. గండికోట అంచున పెన్నా లోయను చూస్తే ఎంత వెడల్పు ఉన్నా చాలదనిపిస్తుంది. యాగంటిలో కోనేటి మెట్ల మీద నిలబడి వెనక కొండ, ముందు నీళ్లు రెండూ పట్టాలన్నా అంతే. దూరమున్న వస్తువు దగ్గరికి నాలుగడుగులు నడిచి పోవచ్చు. లోయ అంచున వెనక్కి నడిచేదానికి జాగా ఉన్నా బండలు అడ్డం వస్తాయి.

రెండోది వెలుతురు. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం రాత్రిపూట జరుగుతుంది. అక్కడ 18-55 లెన్సును 55 దాకా లాగితే రంధ్రం ఎఫ్ 5.6 కన్నా పెద్దగా తెరుచుకోదు. అదే ఎఫ్ 4 అయితే రెండింతల వెలుతురు, ఎఫ్ 2.8 అయితే నాలుగింతలు. సెకనులో అరవయ్యో వంతులో తీయాల్సింది నూట ఇరవై అయిదో వంతులో తీయవచ్చు. లెన్సులో వీఆర్ ఉందిగా అంటారు. వీఆర్ మన చెయ్యి వణుకును ఆపుతుంది, అక్షింతలు వేసే చెయ్యిని ఆపదు. మన వార్షికోత్సవాల నాటకాలకూ ఇదే వర్తిస్తుంది. బెలుం గుహల్లో మాత్రం ఏ జూమూ చాలదు. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహ, లోపల దీపాల వెలుగు తప్ప మరేమీ లేదు. అక్కడ స్టాండు దిక్కు, అదీ అనుమతిస్తేనే.

18-300 పక్షం వాళ్లు రోళ్లపాడు పేరెత్తుతారు. కృష్ణజింకలు దూరంగా ఉంటాయి కదా అని. న్యాయమే, అయితే అదీ లెక్కేద్దాం. జింక భుజం ఎత్తు రెండున్నర అడుగులు, మనకు 100 మీటర్ల దూరంలో ఉందనుకోండి. 300 మి.మీ. దగ్గర అది సెన్సర్ ఎత్తులో ఏడో వంతు పడుతుంది. చూసిన గుర్తుకు చాలు, గోడకు వేలాడదీసే బొమ్మ కాదు. జంతువుల ఫొటోలు తీసేవాళ్లు 500, 600 లెన్సులు మోసేది అందుకే. సంవత్సరానికి ఒకసారి రోళ్లపాడులో ఆ ఏడో వంతు బొమ్మ కోసం మిగిలిన రోజులన్నీ ఎఫ్ 6.3 దాకా ముడుచుకునే లెన్సు మోయడం నాకు నచ్చదు.

కాబట్టి నా ఓటు నికాన్ డీఎక్స్ 16-80, ఎఫ్ 2.8-4. 2015లో వచ్చింది, 480 గ్రాములు. రీలు లెక్కలో 24 నుంచి 120, అంటే మిత్రుడి లెన్సు ఆయన కెమెరా మీద చేసే పని ఈ కెమెరా మీద ఇది చేస్తుంది. కొత్తది ఖరీదు ఎక్కువ, సెకండ్ హ్యాండు చూడాలి. మంచిది దొరకకపోతే 18-140 తీసుకొని, మిగిలిన డబ్బుతో గట్టి స్టాండు కొందాం. 18-55 పక్షం వాళ్లు లైబ్రరీ మీద ప్రేమతో అన్నారు, ఆ మాట నాకు ఇష్టమే. కానీ వార్షికోత్సవంలో స్టేజీ మీద బహుమతి తీసుకునే పిల్ల ముఖం 55తో చిన్నగా పడుతుంది.

సొంతంగా మిర్రర్‌లెస్ కొన్నవాళ్లు విడిగా అడిగినారు. సోనీ, ఫూజీ అయితే టామ్రాన్ 17-70, ఎఫ్ 2.8 చూడండి. పాత కానన్ డీఎస్ఎల్ఆర్ వాళ్లకు 15-85 ఉంది. మీలో ఎవరింట్లోనైనా నికాన్ డి90 ఉంటే మాత్రం ఈ 16-80 జోలికి పోవద్దు, దాని రంధ్రాన్ని కరెంటుతో నడపడం ఆ పాత బాడీకి రాదు.

ఒకే లెన్సు అన్న కమిటీ మాట మన సీమకు బాగా సరిపోయింది. ఎండాకాలం గాలికి నాపరాళ్ల పొడి, ఎర్రదుమ్ము ఎట్లా లేస్తాయో మీకు చెప్పాలా? మైదానంలో లెన్సు ఊడదీస్తే సెన్సర్ మీద మచ్చలే. ఒకసారి బిగించినాక తీయకుండా ఉంటే సగం జబ్బులు రావు. కోస్తా వాళ్లకున్నంత బూజు బాధ మనకు లేదు. కానీ జూమ్ లాగినప్పుడల్లా గొట్టం గాలి పీలుస్తుంది, దాంతో దుమ్మూ పోతుంది. కాబట్టి పని అయిపోగానే 16కు ముడిచి సంచిలో పెట్టాలి. తడిగుడ్డతో అద్దం తుడవకూడదు, ముందు బ్లోయరుతో దుమ్ము ఊదాలి. 72 మి.మీ. ఫిల్టరు ఒకటి లెన్సుతోపాటే తెప్పించండి.

సెకండ్ హ్యాండు కొనడానికి పోయేవాళ్లు టార్చి తీసుకుపోండి. వెనక నుంచి వెలుతురు వేసి లోపల సాలెగూడు లాంటి గీతలున్నాయేమో చూడండి. కిందికి వేలాడదీస్తే గొట్టం దానంతటది జారుతోందా, జూమ్ తిప్పితే గరగర మంటోందా చూడండి. 16 దగ్గర ఇటుక గోడను ఎదురుగా తీసి, నాలుగు మూలలూ కంప్యూటర్ మీద పెద్దవి చేసుకొని పోల్చండి. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే లోపల అద్దం పక్కకు ఒరిగినట్టు, ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దనండి. బిల్లు బడి పేరు మీదే రాయించండి, సీరియల్ నంబరుతో సహా స్టాకు రిజిస్టర్లో ఎక్కించే బాధ్యత డ్రిల్లు సారుది.