లెక్క అడిగితేనే లెక్కలోకి వస్తాం

(మడకశిరలో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చట్టసభలలో సభ్యులు మంత్రులను ప్రశ్నించడం, మంత్రులు గణాంకాలతో సమాధానం చెప్పడం గురించి ఈ రోజు మేము మాట్లాడదలచుకున్నాము. అమరావతిలోనో ఢిల్లీలోనో జరిగే ఆ ప్రశ్నోత్తరాలతో మడకశిర, అగళి, రొళ్ల, గుడిబండ, అమరాపురం మండలాల వాళ్లకు ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. మన ఇళ్లలో వినబడే మాటలు వేరు. బియ్యం కార్డు రాలేదు, పిల్లవాడి స్కాలర్‌షిప్పు ఆగిపోయింది, ఉర్దూ బడికి టీచరు లేడు, ఆసుపత్రిలో డాక్టరు లేడు. అయితే ఈ ప్రతి మాట వెనుకా ఏదో ఒక కార్యాలయంలో ఒక అంకె ఉంటుంది. ఆ అంకె తప్పయినా, అసలు లేకపోయినా మన గోడు గోడుగానే మిగిలిపోతుంది.

2024 ఎన్నికలలో మడకశిర శాసనసభ స్థానంలో గెలుపు ఓటముల మధ్య తేడా 351 ఓట్లు. ఒక వీధి తలచుకుంటే ఫలితం మారిపోయేది. ఓటు విలువ ఏమిటో మన నియోజకవర్గానికి వేరొకరు చెప్పనవసరం లేదు. కానీ ఓటు అయిదేళ్లకు ఒకసారి వస్తుంది. ప్రశ్న ప్రతి సమావేశానికీ వస్తుంది. ఓటు వేసినంత శ్రద్ధగా మనం ప్రశ్నను పంపడం లేదన్నదే మా ఆవేదన.

ప్రశ్నించే హక్కు ఎవరో దయతలచి ఇచ్చినది కాదు. బ్రిటిషు పాలనలో 1892 చట్టం తరువాతనే శాసన మండలి సభ్యులకు ప్రశ్న అడిగే వీలు కలిగింది. వచ్చిన జవాబు మీద మళ్లీ అనుబంధ ప్రశ్న వేసే అవకాశం 1909లో గానీ రాలేదు. స్వతంత్ర భారత రాజ్యాంగం మరింత ముందుకు వెళ్లింది. 75వ అధికరణ ప్రకారం కేంద్ర మంత్రిమండలి లోక్‌సభకు, 164వ అధికరణ ప్రకారం రాష్ట్ర మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలి. బాధ్యత వహించడమంటే అడిగినప్పుడు జవాబు చెప్పడమే. నక్షత్రపు గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నిలబడి జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు వస్తుంది. లోక్‌సభలో ఒక రోజుకు మొదటి రకం ప్రశ్నలు 20, రెండవ రకం 230 వరకు జాబితాలోకి వస్తాయి.

ఒక ప్రశ్న ఏమి చేయగలదో మన రాయలసీమలో జరిగిన విషాదమే చెబుతుంది. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి తగ్గి 11 మంది కరోనా రోగులు మరణించారు. ఆ సంగతి పత్రికలన్నింటిలో వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం పరిహారం కూడా ప్రకటించింది. అయినా జులై 20న రాజ్యసభలో కె.సి. వేణుగోపాల్ అడిగిన ప్రశ్నకు, ఆక్సిజన్ కొరత వల్ల మరణాలు సంభవించినట్లు రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదని కేంద్ర ఆరోగ్య శాఖ జవాబిచ్చింది. ఆ వాక్యాన్ని జాగ్రత్తగా చూడండి. మరణాలు జరగలేదని అది అనలేదు, నివేదించలేదని అన్నది. రాష్ట్రం రాయకపోతే కేంద్రం లెక్కలో ఆ చావు లేదు. దేశమంతటా నిరసన వచ్చింది. కేంద్రం మళ్లీ రాష్ట్రాలను వివరాలు అడగవలసి వచ్చింది. ఆగస్టు 10న అదే రాజ్యసభలో ఇచ్చిన మరొక జవాబులో, ఆంధ్రప్రదేశ్ ఆగస్టు 9న పంపిన ప్రాథమిక నివేదికను ప్రస్తావిస్తూ, రుయా ఆసుపత్రిలో వెంటిలేటరు మీద ఉన్న రోగులు ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయిన సమయంలో మరణించారని ఒప్పుకున్నది. ఈ రెండు జవాబుల మధ్య మూడు వారాలే గడిచాయి. పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు గానీ, అవి రికార్డులోకి వచ్చాయి. ఒక ప్రశ్న, దాని వెనుక ఊరుకోని ప్రజలు, ఈ రెండూ కలిస్తే జరిగిన పని ఇది.

రెండవ ఉదాహరణ వలస కూలీలది. వాన ముఖం చాటేసిన ఏడాది ఈ పీఠభూమి నుంచి బెంగళూరుకు కూలికి వెళ్లని పల్లె ఉండదు. 2020 లాక్‌డౌన్‌లో ఇళ్లకు బయలుదేరి దారిలో ఎంతమంది కూలీలు చనిపోయారని, వారి కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అని లోక్‌సభలో అడిగారు. అటువంటి లెక్క తమ వద్ద లేదని, కాబట్టి పరిహారం ప్రశ్న ఉత్పన్నం కాదని 2020 సెప్టెంబరు 14న కార్మిక శాఖ జవాబిచ్చింది. లెక్క లేదు కనుక పరిహారం లేదు. పేదవాడి విషయంలో గణాంకం ఎంత పదునైన కత్తో ఈ ఒక్క జవాబులో తెలుస్తుంది. కరోనా కారణంగా ఆ సమావేశాలలో ప్రశ్నోత్తరాల సమయాన్నే రద్దు చేశారు. రాతపూర్వక జవాబులు మాత్రమే మిగిలాయి. మంత్రిని నిలబెట్టి అనుబంధ ప్రశ్న వేసే వీలు ఎవరికీ లేకపోయింది.

మూకదాడుల విషయంలోనూ ఇదే జరిగింది. 2017లో జాతీయ నేర గణాంక సంస్థ మూకదాడుల వివరాలు సేకరించిందని, అవి నమ్మదగినవిగా లేనందున ఆ సేకరణను నిలిపివేసిందని హోం శాఖ 2021 డిసెంబరులో పార్లమెంటుకు చెప్పింది. సమాచారం నమ్మదగినదిగా లేకపోతే సేకరణ పద్ధతిని సరిదిద్దాలి. సేకరణే మానివేస్తే నేరం ఆగదు, నేరం కనబడకుండా పోతుంది. అయిదుగురు లేదా అంతకు మించి కలిసి జాతి, కులం, భాష వంటి కారణాలతో చేసే హత్యకు భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్ ఇప్పుడు ప్రత్యేకంగా శిక్ష చెబుతున్నది. చట్టం వచ్చింది కాబట్టి, ఆ సెక్షన్ కింద ఎన్ని కేసులు నమోదయ్యాయని అడిగే దారి కూడా వచ్చింది. ఆ దారిని వాడుకోవాలి.

ఇక మన పిల్లల చదువు. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి నిలిపివేస్తున్నామన్న సంగతి లోక్‌సభలో ఒక ప్రశ్నకు 2022 డిసెంబరు 8న ఇచ్చిన జవాబుతో దేశానికి స్పష్టమైంది. ఇతర పథకాలు ఉన్నాయి కదా అన్నది అందులో చెప్పిన కారణం. అదే సంవత్సరం ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్పును 9, 10 తరగతులకు పరిమితం చేశారు. విద్యాహక్కు చట్టం ప్రకారం 8వ తరగతి వరకు చదువు ఉచితమే కదా అన్నారు. బడిలో ఫీజు లేకపోవచ్చు. బట్టలు, పుస్తకాలు, బస్సు చార్జీలు ఉచితం కావని ఇక్కడ కూర్చున్న ప్రతి తల్లికీ తెలుసు. ఫెలోషిప్ గురించి ఆ ప్రశ్న అడిగిన టి.ఎన్. ప్రతాపన్ అప్పట్లో కేరళలోని త్రిస్సూరు సభ్యుడు. ఆయన మన జిల్లా వారు కాదు, మన మతస్థుడూ కాదు. మనవాళ్లు ఎవరూ సభలో లేరని నిట్టూర్చేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. హిందూపురం నుంచి 2004లో జి. నిజాముద్దీన్ లోక్‌సభకు వెళ్లారు. అటువంటి అవకాశం ఎప్పుడూ రాదు. కానీ ప్రశ్న అడగడానికి సభ్యుడి మతంతో పని లేదు. మడకశిర షెడ్యూల్డు కులాలకు కేటాయించిన స్థానం. నీళ్లు, బడి, ఆసుపత్రి విషయంలో దళిత వాడ ప్రశ్నా మన మొహల్లా ప్రశ్నా ఒక్కటే. ఇద్దరమూ కలిసి పంపితే దాని బలం పెరుగుతుంది.

రిజర్వేషన్ల చరిత్ర కూడా మనకు ఇదే పాఠం చెబుతున్నది. 2004లో ఇచ్చిన 5 శాతం ఉత్తర్వును హైకోర్టు కొట్టివేసింది. 2005 చట్టాన్నీ కొట్టివేసింది. 2007లో 14 ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం ఇస్తూ వచ్చిన చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో కొట్టివేసింది. మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు నీడలోనే నేటికీ మన పిల్లలు ఆ సీట్లు పొందుతున్నారు. న్యాయస్థానంలో మాటిమాటికీ ఎదురైన అభ్యంతరం వెనుకబాటుతనాన్ని సరిగా, శాస్త్రీయంగా లెక్కించలేదన్నదే. అత్తరు సాయిబు, ఫకీరు, హజాము ఎంత పేదవారో కళ్లకు కనిపిస్తూనే ఉంది. కోర్టుకు కావలసినది కాగితం మీది లెక్క.

ఆ లెక్క ఇప్పుడు మళ్లీ రాయబోతున్నారు. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. ఆహార భద్రత చట్టం కింద కేంద్రం బియ్యం కోటా 2011 జనాభా మీదనే నడుస్తున్నది. ఆ తరువాత పుట్టిన పిల్లలు బడికి వెళ్తున్నారు గానీ ఆ కోటా లెక్కలో లేరు. 2027 మార్చి 1 ఆధార తేదీగా జనగణన జరుపుతామని, అందులో కులాల లెక్క కూడా ఉంటుందని కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. పనికి బెంగళూరు వెళ్లిన కుటుంబం తలుపుకు తాళం ఉన్నంత మాత్రాన లెక్క తప్పిపోకూడదు. తమ వర్గం పేరు, మాతృభాష, చదువు, పని స్పష్టంగా రాయించాలి. ఈ బాధ్యతను మొహల్లా పెద్దలు ఇప్పటి నుంచే స్వీకరించాలని కోరుతున్నాము.

ప్రశ్నను ఎలా తయారు చేయాలి? ఇది నేర్చుకోవలసిన విద్య. "ఉర్దూ బడులను ప్రభుత్వం నిర్లక్ష్యం చేస్తున్న మాట నిజమా?" అని అడిగితే "లేదండీ" అన్న ఒక్క మాటతో జవాబు ముగుస్తుంది. తరువాతి భాగాలకు "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని రాస్తారు. అందుకు బదులు ఇలా అడగాలి: (అ) శ్రీ సత్యసాయి జిల్లాలో మండలాలవారీగా ఉర్దూ మాధ్యమ పాఠశాలలు ఎన్ని? (ఆ) వాటిలో మంజూరైన ఉపాధ్యాయ పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని? (ఇ) ఒక్కొక్క పోస్టు ఏ తేదీ నుంచి ఖాళీగా ఉన్నది? (ఈ) ఏ తేదీలోగా భర్తీ చేస్తారు? ఈ నాలుగింటికీ "లేదండీ" సరిపోదు. ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా చేస్తూ 2022లో శాసనసభ చట్టం ఆమోదించింది కనుక, దాని అమలు గురించి అడిగే హక్కు ఆ సభకు మరింత ఉన్నది.

ప్రశ్న చేరవలసిన చోటికి చేరాలి. ఉర్దూ టీచర్లు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, మడకశిర బ్రాంచి కాలువ నీళ్లు రాష్ట్ర మంత్రుల పరిధి. వాటిని శాసనసభ్యునికి ఇవ్వాలి. జనగణన, కేంద్ర స్కాలర్‌షిప్పులు, బియ్యం కోటా విషయాలు లోక్‌సభ సభ్యునికి ఇవ్వాలి. లోక్‌సభకు కనీసం 15 రోజుల ముందు నోటీసు కావాలి. సమావేశాలు మొదలయ్యాక పరుగెత్తితే ప్రయోజనం లేదు. ముందుగా సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, 30 రోజులలో వచ్చిన కాగితాన్ని ప్రశ్నకు ఆధారంగా జతచేయాలి. జవాబు వచ్చిన తరువాత దానిని మసీదు దగ్గర, బడి దగ్గర చదివి వినిపించాలి. మంత్రి చెప్పిన అంకె మన వీధిలోని నిజంతో సరిపోతున్నదో లేదో చూడవలసినవారు మనమే. "పరిశీలనలో ఉన్నది", "చర్యలు తీసుకుంటాము" అన్న మాటలు సభలో హామీలవుతాయి. పార్లమెంటులో అటువంటి హామీని మూడు నెలలలో నెరవేర్చాలని నియమం ఉన్నది, దానిని చూడటానికి హామీల కమిటీ ఉన్నది. ఆ తేదీని మనం రాసి పెట్టుకోవాలి.

ఖలీఫా హజ్రత్ ఉమర్‌ను ఒక సామాన్యుడు నిండు సభలో నిలదీసిన కథనం మనకందరికీ తెలిసినదే. అందరికీ పంచిన బట్టతో అంత పొడవైన చొక్కా ఎలా వచ్చిందని అతడు అడిగాడు. ఖలీఫా కోపగించలేదు. తన వంతు బట్టను తండ్రికి ఇచ్చానని కుమారుడు లేచి చెప్పేవరకు ప్రసంగం ముందుకు సాగలేదు. అధికారం అమానత్ అయినప్పుడు దాని లెక్క అడగడం అవిధేయత కాదు, ఆ అమానత్‌ను కాపాడటమే.

కాబట్టి ఇక్కడి నుంచి వెళ్లేముందు ఒక్క పని చేయాలని కోరుతున్నాము. ప్రతి మొహల్లా ఒక నోటు పుస్తకం తెరవాలి. కుటుంబాల అనుమతితో ఆగిన స్కాలర్‌షిప్పులు, రాని కార్డులు, ఖాళీ పోస్టులు, దరఖాస్తు పెట్టిన తేదీలు అందులో రాయాలి. వచ్చే సమావేశాలకు ముందు అయిదు మండలాల పుస్తకాలు ఒకచోట చేర్చి, అయిదు ప్రశ్నలు తయారు చేసి, మన ప్రతినిధుల చేతికి ఇద్దాము. వారు అడిగితే కృతజ్ఞతలు చెబుదాము. అడగకపోతే ఎందుకు అడగలేదని మర్యాదగా, మళ్లీ మళ్లీ అడుగుదాము.

అల్లాహ్ మన ప్రయత్నాన్ని సఫలం చేయుగాక. అస్సలాము అలైకుమ్.