సాలు తప్పని వ్రాత

కదిరి ప్రాంతమున వేరుసెనగ విత్తు రైతునకు సాలు అనగా ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. సాలునకు సాలునకు నడుమ 30 సెంటీమీటర్ల ఎడముండవలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. గొర్రుతో విత్తునాడు ఆ ఎడము చెదరినచో, గుంటక తోలునాడు కలుపుతోపాటు పైరుకూడ తెగును. ఆ ఖాళీ జాగా వట్టి ఖాళీ కాదు.

కంప్యూటరు ప్రోగ్రాములయందును ఇట్టి ఖాళీ కలదు. ఈ సంగతి నాకు కదిరిలోని మా మేనల్లుని వలన తెలిసినది. అతడు పైథాన్ భాషలో వ్రాసుకొన్న ప్రోగ్రాము నడుమ మిత్రుడు వ్రాసిన నాలుగు పంక్తులు చేర్చుకొని ప్రయోగపరీక్షకు పోయెను. తెరపై వరుసలన్నియు తిన్నగానే యున్నవి. యంత్రము మాత్రము ఒప్పుకొనలేదు. ఏ పంక్తిలో తప్పో అది చెప్పినది. ఆ పంక్తిని ఎంత చూచినను తప్పు కనబడలేదట. ఇంతలో కాలము ముగిసినది. తప్పు అక్షరములలో లేదు, అక్షరములు లేనిచోట నున్నది!

పంక్తిని లోపలికి జరుపుటకు రెండు మార్గములు. స్పేస్ మీటను నాలుగుమార్లు నొక్కవచ్చును; లేదా ట్యాబ్ మీటను ఒక్కమారు. టైపు మిషనుపై పద్దుల పట్టికలు కొట్టిన గుమాస్తాలకు ఈ ట్యాబ్ పాత చుట్టమే. స్పేస్ అనగా ఒక్క గడి, ఎక్కడ చూచినను అంతే. ట్యాబ్ అట్లు కాదు. ఒకరి తెరపై ఎనిమిది గడులు, మరొకరి తెరపై నాలుగు. రెంటిని కలిపినచో ఒక యింట తిన్నగా కనబడిన వరుస మరొక యింట వంకర తిరుగును. అందుచేతనే 2008లో వెలువడిన పైథాన్ మూడవ రూపము, సందిగ్ధము కలుగునట్లు రెంటిని కలిపిన ప్రోగ్రామును నడుపనే నడుపదు.

ఏది మేలన్నచో పెద్దలలోనే ఏకాభిప్రాయము లేదు. పైథాన్ వారి 2001 నాటి నియమావళి నాలుగు స్పేసులను కోరును. లినక్స్ కెర్నెల్ వారు ట్యాబే వాడి, దానిని ఎనిమిది గడులుగా నెంచుదురు. చూపు మందగించినవారికి ట్యాబే అనుకూలము. వెడల్పును తమకు వలసినట్లు మార్చుకొనవచ్చును గదా. లోపలికి జరుపుటకు ట్యాబు, నిలువు వరుసలు కుదుర్చుటకు స్పేసు అను మధ్యేమార్గము నాకు నచ్చినది. కాని పదుగురు కూడి పనిచేయుచోట అది నిలుచుట కష్టము.

తెలుగువారికి మరొక చిక్కు. ప్రోగ్రాము ప్రక్కన వివరణలు తెలుగున వ్రాసినచో, స్పేసులు ఎన్ని లెక్కించినను నిలువు వరుస కుదురదు. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరము; యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతములు. పైగా మన అక్షరములన్నియు ఒకే వెడల్పువి కావు.

మేనల్లుడును అతని మిత్రుడును ఇప్పుడు ట్యాబ్ నొక్కినను నాలుగు స్పేసులే పడునట్లు తమ ఎడిటరులను సవరించుకొనిరి. ఖాళీలు చుక్కలుగను, ట్యాబులు బాణములుగను కనబడు ఏర్పాటుకూడ అందులో నున్నది. తప్పిన పరీక్షకు అతడు మరల రుసుము కట్టినాడు.