అడవిమొక్కల విద్య



ఇటీవల మా బంధువుల గ్రామమునకు పోయినపుడు రచ్చబండ యొద్ద ఒక వృద్ధ రైతు నన్నిట్లడిగెను: "అయ్యా! మా మనుమరాలు అడవిమొక్కల పరిశోధన చేసెదనని పట్టుపట్టినది. గడ్డిగాదమును లెక్కించిన కూడు పుట్టునా?"

న్యాయమైన ప్రశ్న. "మీరు పండించు చెఱకులో రెల్లు వంశము కలసియున్నదని యెఱుగుదురా?" అంటిని. ఆయన నవ్వెను. కాని మాట నిజము. 1912లో కోయంబత్తూరునందు తియ్యని లావు చెఱకును ఏటిగట్టున మొలచు రెల్లుతో సంకరపఱచిరి. మొండితనము గల వంగడము లట్లు పుట్టినవి. రెల్లును తగులబెట్టించినవారిలో నేనును ఒకడనే.

ఆ కేంద్రముననే పిమ్మట జానకీ అమ్మాళ్ పనిచేసెను. ఆమె 1897లో తెల్లిచేరిలో జన్మించి, 1931లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నొందెను. ఆడుబిడ్డలు బడికి పోవుటయే అరుదైన దినములవి. పిదప ఇంగ్లండునుండి నెహ్రూగారి కోరికపై తిరిగి వచ్చి, బొటానికల్ సర్వేను చక్కదిద్దు పనికి పూనుకొనెను.

ఒకమారు మన సంపెంగకు చుట్టమగు మాగ్నోలియా వృక్షము నొకదానిని వెదకుచు ఆమె షిల్లాంగునుండి 37 మైళ్లు పోయెను. ఆ ప్రాంతమున ఆ జాతికి ఉన్నది అదొక్కటే చెట్టు. తీరా చూడగా అదియు కాల్చివేయబడి యుండెను. ఎండను, జలగలను ఓర్వవచ్చును. ఆలస్యముగా చేరితిమను బాధ నోర్చుట కష్టము.

కేరళలోని సైలెంట్ వ్యాలీ లోయను ఆనకట్టతో ముంచదలచినపుడు, ఎనుబదేండ్ల ప్రాయమున ఆమె ఆ యడవిచెట్ల జీవకణములను పరిశీలింప బూనెను. విద్యుత్తు కావలెనన్న వారి మాటయు తేలికగా త్రోసివేయదగినది కాదు. తుదకు లోయ మునుగలేదు. 1984 నవంబరులో జాతీయవనమైనది. ఆమె అంతకు తొమ్మిది నెలల ముందే కన్నుమూసెను.

ఇక కూడు మాట. వృక్షశాస్త్రమున ఎం.ఎస్‌సి., దానిపై ఏండ్లకొలది పరిశోధన. జీతము ఆలస్యముగా వచ్చును, కొలువులును కొద్ది. దాచుట యెందుకు? హైదరాబాదులో బొటానికల్ సర్వే ప్రాంతీయ కేంద్ర మున్నది, విశ్వవిద్యాలయము లున్నవి. సర్కారుతుమ్మ క్రమ్మిన బంజరులో దానిని పెకలించి, వెనుకటి గడ్డిని, చెట్లను తిరిగి నిలుపుటయు వీరి పనియే. అందుకు పూర్వ మచ్చట నేమి మొలచెడిదో చెప్పగల ముసలివారు కావలెను.

"ఒకనాడు మనుమరాలితో మీ యూరి కొండ యెక్కి, చెట్ల పేర్లు చెప్పుడు" అంటిని. ఆయన తన మోకాళ్లవంక చూచుకొనెను గాని, కాదనలేదు.