శాస్త్ర కల్పన అంటే ఏది?
(గోదావరిఖని సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



మొన్న మా మనవడు ఒక చిక్కు ప్రశ్న వేశాడు. "తాతా, ‘మాయాబజార్’లో శశిరేఖ ప్రియదర్శిని పెట్టె తెరిచి అభిమన్యునితో మాట్లాడుతుంది. ఇప్పుడు మన ఫోన్‌లో జరిగేది అదే గదా! మరి ఆ సినిమాను సైన్స్ ఫిక్షన్ అని ఎందుకు అనరు?"

వస్తువును మాత్రమే చూస్తే వాడి మాట నిజమే. కాని, అది ఎట్లా పనిచేస్తుందని అడగాలి. 1957 నాటి ఆ చిత్రంలో జవాబు కృష్ణుని మహిమ. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన ‘ఆదిత్య 369’లో జవాబు ఒక శాస్త్రవేత్త తయారుచేసిన యంత్రం. అందుకే మొదటిది పౌరాణిక కల్పన, రెండవది శాస్త్ర కల్పన అన్నాను.

"అయితే మంత్రం తీసేసి మీట పెడితే చాలునా?" అన్నాడు వాడు. చాలదనే విమర్శకులు మరో విభజన చేశారు. తెలిసిన శాస్త్రానికి కట్టుబడి నడిచే కథ ‘హార్డ్’. యంత్రం కంటే మనిషికి, సమాజానికి పెద్దపీట వేసేది ‘సాఫ్ట్’.

మరి ఈ కథ ఏ రకమో మీరే చెప్పండి. ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ 1877లో స్కాట్లండు బొగ్గుగని మీద ఒక నవల రాశాడు. బొగ్గు అయిపోయిందని గని మూసేస్తారు. ముసలి ఓవర్‌మన్ మాత్రం గని విడిచి రాడు. గోడలోంచి గ్యాసు వస్తోంది గనుక వెనుక బొగ్గు ఉండాలంటాడు. మనవాళ్లెవరైనా ఒప్పుకునే లెక్క! చివరకు కొత్త బొగ్గు దొరికి, భూగర్భంలో కరెంటు దీపాల ఊరే వెలుస్తుంది. ఎడిసన్ బల్బు వెలిగింది 1879లో. ఇంతవరకు ఇది హార్డ్.

కాని అందులోనే మరో ముసలివాడున్నాడు. సేఫ్టీ ల్యాంపు రాకముందు గనిలో గ్యాసును మంటతో కాల్చే ప్రమాదకరమైన పని ఉండేది. ఆ పని చేసినవాడతను. ల్యాంపు వచ్చింది, ఆ పని పోయింది. గని తనదేనంటూ అందరికీ ఎదురు తిరుగుతాడు. ఇది సాఫ్ట్. ఒకే పుస్తకం రెండు అరల్లోనూ ఉన్నది.

మిత్రులారా, మనం తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపినవాళ్లం. ఎస్.డి.ఎల్. యంత్రాలు వచ్చాక నడుములు బతికాయి, ఫిల్లర్ల అవసరం తగ్గింది. రెండూ నిజాలే. యంత్రం ఎట్లా నడిచిందో చెబితే సగం కథ. తట్ట దించిన మనిషి ఏమయ్యాడో కూడా చెబితేనే పూర్తి కథ. నా నిర్వచనం ఇదే.

"అయితే నీ సంగతి చెప్పు తాతా" అన్నాడు మనవడు. ఆ రాత్రి చాలాసేపు చెప్పాను. మీరూ మీ ఇండ్లలో చెప్పండి.

సెలవు.